ఓడెక్కని చూపులమ్మ

చాయపాలెం గుడికి వచ్చినవారు లోపల రాతి విగ్రహం కోసం వెతుకుతారు. లేదు, వెతకకండి. గోడకు వేలాడే అద్దకపు గుడ్డ మీది బొమ్మే మన చూపులమ్మ తల్లి. చీర మనదే, బొట్టు మనదే, కళ్ళు మాత్రం నీలం. "ఇదేం అమ్మవారండీ?" అని ముక్కున వేలేసుకునేవారు కాస్త కూర్చుని ఈ కథ వినండి.

పూర్వం ఇక్కడ, సముద్రపు పాయ ఒడ్డున, సముద్రాల అవతలి సీమ నుంచి వచ్చిన తెల్ల వర్తకుల గిడ్డంగి ఉండేది. హార్విను దొర దాని పెద్ద. అద్దకపు గుడ్డలు కొని ఓడలకెక్కించేవాడు. తోటి దొరలంతా జ్వరాలకు పోగా ఒక్కడే మిగిలాడు. బేరానికి వచ్చినవారు బేరం కాగానే లేచిపోయేవారు. అతనితో కూర్చుని అన్నం తినే మనిషి ఊళ్ళో లేడు, పాపం.

ఒకనాడు ఓడవాళ్ళు సీమలో ఉన్న అతని భార్య మార్తా చనిపోయిందని చెప్పారు. ఆమె ముఖం మరచిపోతానేమోనని దొరకు బెంగ పట్టుకుంది. మా వంశపు పెద్ద, అద్దకాల నాగలింగం దగ్గరకు వచ్చి ఆమె బొమ్మ వేయమన్నాడు. నాగలింగం సీమ స్త్రీని ఏనాడూ చూసి ఎరుగడు. ఆయనది అమ్మవార్లను వేసిన చెయ్యి. దొర గుర్తులు చెబుతూనే ఉన్నాడు, ఈయన బొమ్మకు చీర కట్టి బొట్టు పెట్టేశాడు! కళ్ళ దగ్గర మాత్రం కలం ఆపాడు.

"దొరా, కళ్ళు ఆఖరున పూజ చేసి తెరిపిస్తాం. తెరిపిస్తే అమ్మవుతుంది, ఈ ఊరు దాటకూడదు. తెరిపించకపోతే ఉత్త గుడ్డ, నీ వెంట పట్టుకుపో."

దొర కళ్ళు లేని ఆ ముఖానికి ఎదురుగా కూర్చున్నాడు. చివరకు, "నన్ను చూసేవాళ్ళే లేరు నాగలింగం. తెరిపించు. ఊరు దాటించనని మాట ఇస్తున్నాను. కళ్ళు నీలం," అన్నాడు.

ఆనాటి నుంచి ఆమె ఎదుటే కూర్చుని తిన్నాడు, ఆ రోజు సంగతులన్నీ చెప్పుకున్నాడు. కొన్నేళ్ళకు, తమ ఊరి తరఫున దేశపు పెద్ద సభలో కూర్చోవడానికి రమ్మని సీమ నుంచి కబురు వచ్చింది. దొర గుడ్డను చుట్టి చంకన పెట్టుకుని రేవుకు నడిచాడు. ఆపే ధైర్యం ఎవరికుంది? పడవలో కాలు పెట్టబోయి తనే ఆగాడు. వెనక్కి వచ్చి నాగలింగం చేతుల్లో పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఒక్కడే తినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈమెను ఒక్కతెగా వదలకండి," అని ఓడెక్కాడు. సభలో గొప్పవాడయ్యాడట. భోజనానికి మాత్రం అక్కడా ఒక్కడే కూర్చునేవాడని తర్వాతి ఓడవాళ్ళు చెప్పారు.

నేటికీ ఇక్కడి ప్రసాదం ఇంటికి తీసుకుపోనివ్వం. తల్లి ఎదుట కూర్చుని, సంగతులు చెబుతూ తినాలి. తోడు లేనివారిది ముందు వరుస. గుడ్డ పాతబడితే కొత్తది మేమే వేస్తాం. కళ్ళకు నీలం మాత్రం, ఆ రోజు గుడికి ఒంటరిగా వచ్చిన మనిషి చేత పెట్టిస్తాం. పోయినసారి పెట్టింది ఏలూరు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ. పెట్టి, ప్రసాదం దొన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుని, "ఇవాళ బస్సు ఆలస్యమైందమ్మా," అని మొదలుపెట్టింది.