తలుపవతల అమ్మ

తెలివంటే గోగులపాడులో గవరయ్య ఇంటిదే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, గవరయ్యే అన్నాడు. "మనకి ఏటి సెప్తే అదే సేత్తాం. తెలివంటే అదేనర్రా!" అనేవాడు. భార్య పైడమ్మ, కొడుకు అప్పలకొండ అవునవునని తలలూపేవాళ్ళు.

ఆ ఇంటి కోడలు ముత్యాలు కడుపుతో ఉంది. తొలిచూలు. పాపం, ఆమెకు ఒకటే బెంగ. కాన్పులు చూసే నర్సమ్మ వచ్చినప్పుడు అడిగేసింది.

"నర్సమ్మా, ఇంట్లో ఇంతమందిమి ఉంటాం కదా, నేనే అమ్మనని గుంటడికి ఎలా తెలుస్తాది?"

నర్సమ్మ నవ్వింది. "కడుపులో బిడ్డ అన్నీ వింటాడమ్మా. రోజూ కబుర్లు చెప్పు, నీ గొంతు గుర్తు పట్టేస్తాడు."

అంతే! ముత్యాలు మొదలుపెట్టింది. చారులో ఉప్పెక్కువైందని చెప్పింది, పిల్లి పాలు తాగేసిందని చెప్పింది. లోపల బిడ్డ కదిలినప్పుడల్లా మురిసిపోయింది.

పైడమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది. "ఓలమ్మో! అన్నీ ఇంటాడంటే మనింటి గుట్టు కూడా ఇంటాడు! రేపు బయటికొచ్చి ఊరంతా సెప్పేత్తాడు!"

ఇంకేముంది, గవరయ్య తీర్పు చెప్పేశాడు. "అమ్మా కోడలా, గుట్టు మాటలప్పుడు కడుపు బయటెట్టి నువ్వు లోనికి రా."

ముత్యాలు బాగా ఆలోచించింది. వీధిలో నిలబడి, కిటికీలోంచి తల ఒక్కటే లోపలికి పెట్టింది. తల ఇరుక్కుంది. అప్పలకొండ పెళ్ళాన్ని విడిపిద్దామని కిటికీనే పీకాడు. అది చట్రంతో సహా ఊడి ఆమె మెడలో పడింది. ఇంతకీ ఆ పూట గుట్టేమిటంటే, పక్కింటివాళ్ళ కోడిపుంజు దారితప్పి వీళ్ళ కూరకుండలోకి రావడం. కిటికీ పోయిన కంతలోంచి పక్కింటాయన ఆ కుండ చూసి తిట్లు లంకించుకున్నాడు. ఆ తిట్లన్నీ కడుపులో బిడ్డ కూడా విన్నాడు.

నెలలు నిండాయి, మగబిడ్డ పుట్టాడు. పుట్టిన దగ్గర్నుంచీ గుక్కపట్టి ఒకటే ఏడుపు. నర్సమ్మ బిడ్డను కడిగి పైడమ్మ చేతికిచ్చి, "కడుపులో ఉన్నప్పుడు ఎలా మాట్లాడేదానివో అలాగే మాట్లాడమ్మా, ఊరుకుంటాడు" అని ముత్యాలుతో చెప్పి వెళ్ళిపోయింది.

ముత్యాలు చేతులు చాచింది. అప్పలకొండ అడ్డం పడ్డాడు.

"ఆగు ఆగు! అప్పుడు ఆడు లోపల, నువ్వు బయట. ఇప్పుడూ అలాగే ఉండాల!"

అంతే! పచ్చి బాలింతను బయట కూచోబెట్టి తలుపేశారు. ముత్యాలు తలుపుకు నోరానించి మళ్ళీ చారు సంగతి, పిల్లి సంగతి చెప్పింది. లోపల ఏడుపు రెట్టింపయింది.

"ఎలుతురెక్కువైనట్టుంది" అని గవరయ్య కిటికీ కంతకు దుప్పటి కట్టాడు. ఏడుపు ఆగలేదు.

"కడుపులో నీళ్ళుంటాయట కదా" అంది పైడమ్మ. "బిందె తెండర్రా, గుంటణ్ణి అందులో పెడదాం!"

బిందె మాట చెవిన పడగానే ముత్యాలు పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "మోసింది నేను! నా గుంటణ్ణి నాకియ్యండి!" అని లాక్కుని గుండెకు హత్తుకుంది.

ఏడుపు టక్కున ఆగింది. బిడ్డ ఆ గొంతు వైపు తల తిప్పాడు. ఆమె వేలు గట్టిగా పట్టుకున్నాడు.

ముత్యాలు కన్నీళ్ళు ధారలు కట్టాయి. "తెలిసిపోనాదిరా నాయినా! నేనే అమ్మనని నీకు తెలిసిపోనాది!" అంటూ బిడ్డ మీద కొంగు కప్పి పాలు పట్టింది.

అప్పుడే పెరట్లోంచి అప్పలకొండ బిందె పట్టుకుని వచ్చాడు. పైడమ్మ చేతుల్లో బిడ్డ లేడు. పక్క మీద లేడు. ఏడుపు లేదు. పెళ్ళాం కొంగు కింద పొట్ట దగ్గర మాత్రం ఏదో కదులుతోంది. ఇంకేముంది, బిందె అక్కడే పడేసి వీధిలోకి పరుగు తీశాడు.

"నర్సమ్మా! ఓ నర్సమ్మా! బేగి రండి! మావోడు మళ్ళీ లోపలికెలిపోనాడు!"

ఆ కేక విని గవరయ్య భార్యను తొందరపెట్టాడు. "సూత్తావేటే, నీళ్ళు కాగబెట్టు! ఈసారైనా ఆడపిల్లొస్తాదేమో సూద్దాం!"