చప్పట్ల ఆజ్ఞలు

పొలమారిన రాజుగారికి మంచినీళ్లు అందేలోపే ఆయన కళ్లు తేలేశారు. తప్పు నీళ్లది కాదు, పద్ధతిది. ఏది కావాలన్నా రాజుగారు దివానుతో, దివాను వంటశాల అధికారితో, ఆయన కాపలావాడితో, వాడు పనివాళ్లతో చెప్పాలి.

నీళ్లు మోసే గవరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "రెండు చప్పట్లు కొట్టండి ప్రభూ, నీళ్లు తెస్తాను. మూడు కొడితే విసనకర్ర," అంది. రాజుగారికి ప్రాణం లేచొచ్చింది.

దివాను విరూపాక్షయ్యకు మాత్రం తల తీసేసినట్టయింది. "నన్ను దాటి ఆజ్ఞలా? ఇకమీద చప్పట్లు విని కదిలావో, నీ వీపున కొరడా ఆడుతుంది," అన్నాడు.

"చిత్తం అయ్యగారూ," అంది గవరమ్మ.

మర్నాడు విందులో పండుమిరప కారం దివాను గొంతులో అడ్డంపడింది. గవరమ్మ బిందెతో పక్కనే నిలబడి ఉంది. ఆయన చెయ్యి చాచాడు.

"నీళ్లా అయ్యగారూ? వంటశాల అధికారితో చెప్పండి. ఆయన కాపలావాడితో చెబుతాడు. నేనెక్కడికీ పోను."

దివానుకు నోరు పెగల్లేదు. కళ్లనీళ్లు కారుతుండగా, రాజుగారి ఎదుటే రెండు చప్పట్లు కొట్టాడు.

"ఇవి నేను వినొచ్చా?" అడిగింది గవరమ్మ.

ఆయన తల గబగబా ఊపాడు. ఆమె నీళ్లు పోసింది.

రాజుగారు పగలబడి నవ్వి, అన్ని ఆజ్ఞలకూ గుర్తులు పెట్టమని గవరమ్మతో అన్నారు. పల్లకీకి, పాలకు, దీపానికి పెట్టింది.

"మరి కొరడాకో?"

"దానికి లేదు ప్రభూ. అది నలుగురి నోళ్లూ తిరిగే రావాలి. ఈలోగా మీ కోపం చల్లారవచ్చు."

ఆ తర్వాత రాజుగారు ఎన్నిసార్లు అడిగినా గవరమ్మ కొరడాకు గుర్తు పెట్టలేదు.