గవరమ్మ పోటు

ఊఁ కొడితే చెబుతాను, కునికితే ఆపేస్తాను. పసుపు పొట్లాల్లో అమ్మని రోజుల మాట ఇది.

అనగనగా ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒక పేదరాలు. మొగుడు పోయాడు. పేలాలు వేయించి అమ్ముకుని బతికేది. ఆమెకి ఉన్నవి మూడే మూడు: పేలాల మంగలం, పైడమ్మ అనే కూతురు, అంకెల పిచ్చి. మంగలంలో పేలాలు చిటపటలాడుతుంటే పక్కన నేలమీద బొగ్గుతో లెక్కలు వేసుకునేది. అంకెలు కూడు పెడతాయా అని ఊరు నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకునేది.

పైడమ్మకి పెళ్ళి కుదిరింది. పసుపు దంచాలి. ఆరుగురు ముత్తయిదువలు రోలు చుట్టూ నిలబడ్డారు. రోకలి ఒక్కొక్కరి చేతికీ వరసగా తిరగాలి. మరి తొలిపోటు ఎవరిది?

"పెద్దదాన్ని, నాదే" అంది సన్నెమ్మ.

"పెళ్ళికొడుకు మేనత్తని, నాదే" అంది ఇంకొకామె.

"రోలు మాది, నాదే" అంది మరొకామె.

మాటకి మాట పెరిగింది. సన్నెమ్మ కొంగు దోపుకుని ఇంటికి పోతానంది. పసుపు ఆగితే పెళ్ళి ఆగినట్టే.

గవరమ్మ గడప అవతలే ఉంది. మొగుడు లేని ఆడది పసుపు రోలు ముట్టకూడదని ఆనాటి కట్టు. కన్నకూతురి పెళ్ళయినా అంతే. ఒక్క పోటు వెయ్యాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. అయినా నోరు విప్పి అడగలేదు.

అవతల నుంచే కూతురికి బొగ్గుముక్క అందించింది. "పైడీ, ఆళ్ళ కాళ్ళకాడ ఒక్కో అంకె ఎయ్యి. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు."

వేసింది. లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు.

"ఇప్పుడు దాన్ని రెండింతలు సెయ్యి."

చేసింది. రెండు లక్షల ఎనభై అయిదు వేల ఏడు వందల పద్నాలుగు. అవే అంకెలు, రోలు చుట్టూ తిరిగితే అదే వరస! మొదలు మాత్రం రెండు దగ్గర నిలబడ్డామెది. మూడింతలు చేస్తే నాలుగు దగ్గరామె మొదలు. నాలుగింతలు, అయిదింతలు, ఆరింతలు చేసినా అవే అంకెలు, అదే వరస, మొదలు మాత్రం వేరొకామెది.

"ఒక్కో సుట్టుకి ఒకలు మొదలెట్టండి. ఇంకెందుకమ్మా తగువు?" అంది గవరమ్మ.

ఆడవాళ్ళు నవ్వేశారు. రోకలి ఆరు చుట్లు తిరిగింది. పసుపు ఇంకా బరకగానే ఉంది.

"ఏడింతలు సేత్తే ఎవల్ది మొదలే అమ్మా?" అడిగింది పైడమ్మ.

గవరమ్మ తల దించుకుంది. "అక్కడితో ఆపీ తల్లీ."

పైడమ్మ ఆపలేదు. బొగ్గు తీసి లెక్క వేసింది. తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. అన్నీ తొమ్మిదులే. రోలు చుట్టూ ఎక్కువైనవారు లేరు, తక్కువైనవారు లేరు.

"ఇప్పుడు ఎవలు మొదలెట్టినా ఒకటే గదా పెద్దమ్మా? అయితే మాయమ్మ ఏత్తాది" అంది పిల్ల.

సన్నెమ్మ తొమ్మిదుల వంక చూసింది. చేతిలో రోకలి వంక చూసింది. గవరమ్మ వంక చూసింది. గడప దాకా నడిచింది.

"రా గవరీ. నువ్వు కన్న పిల్ల కాదేటి?"

గవరమ్మ పోటు వేసింది. ఏడుస్తూనే వేసింది.

ఆమె పోయి ఎన్ని తరాలైందో. ఇప్పుడు రోలు పెళ్ళికే బయటికొస్తోంది, దంచుతూ పాడే పాటలూ పోయాయి, తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. అయినా ఆ వైపు ఊళ్ళలో పసుపు దంచేటప్పుడు ఆరు చుట్లయ్యాక రోకలి ఆపుతారు. అందరూ గుమ్మం వైపు తిరిగి పిలుస్తారు:

"గవరమ్మ పోటు! అవతల ఎవలున్నారమ్మా, లోపలికి రండి!"