నక్క ఇచ్చిన రెండు మాటలు

ఊటకొండ పేరుకే కొండ. సగం రాళ్లు, సగం రేగుపొదలు. అయినా చుట్టుపక్కల మూడు లోయల్లో ఎండాకాలం నీళ్లు దొరికేది ఆ కొండ మీదే. నడికొండలో ఒక బండ కింద నుంచి ఊట ఊరుతుంది. ఆ ఊటను నమ్ముకునే మేకల మంద తరతరాలుగా అక్కడ బతుకుతోంది.

మందకు పెద్ద బొల్లన్న. నల్లటి ఒళ్లు, తెల్లటి మచ్చలు, నెరిసిన గడ్డం. ఏ పొద చాటున ఎవరు పుట్టారో, ఏ బండ పక్కన ఎవరు కన్నుమూశారో కళ్లు మూసుకుని చెప్పగలడు.

కొండ మేకలదే అయినా పెత్తనం వాటిది కాదు. చాలాకాలంగా ఒక ముసలి ఎలుగు దాన్ని ఏలుతోంది. ఏటికి అవతల ఉండే సింహం కన్ను ఆ కొండ మీద పడింది. సింహం తరఫున ఒక గుంటనక్క వచ్చి బొల్లన్న ముందు కూర్చుంది.

"బావా, ఎలుగు గుహకు దొడ్డిదారి చూపించు చాలు. అది పోయిన మర్నాడు ఈ కొండ మీది. ఇది సింహం మాట."

"మాది మాకివ్వడానికి సింహం ఎవరు?"

"ఇప్పుడు మీదేనా? మరి రోజూ ఎలుగుకి దండం పెడుతున్నారెందుకు?"

ఆ మాట బొల్లన్నకు ముల్లులా గుచ్చుకుంది. దారి చూపించాడు. సింహం ఆ దారిన వచ్చి పడేసరికి ఎలుగు పారిపోయింది. నక్క మాత్రం వెళ్లలేదు. ఊట పైనున్న ఎత్తుబండ ఎక్కి కూర్చుంది.

"కొన్నాళ్లే బావా. మీరు నిలదొక్కుకునేదాకా" అంది.

ఆ ఏడే దుప్పులు రావడం మొదలైంది. ముందు ఓ పదిహేను వచ్చాయి. వాటికి పెద్దదిక్కు పొడలమ్మ. ఆమె వీపు మీద పొడల కంటే పంటిగాట్లే ఎక్కువ. ఊటకు నాలుగడుగుల దూరంలో ఆగి, నీళ్ల వంక చూస్తూ నిలబడింది.

"ఎక్కడి నుంచి చెల్లెమ్మా?" అన్నాడు బొల్లన్న.

"ఏ అడవి పేరు చెప్పమంటావన్నా? ఒక అడవిలో తోడేళ్లు తరిమితే ఇంకో అడవికి పోయాం. అక్కడా అదే. కానీ మా అమ్మమ్మలకు అమ్మమ్మలు ఈ ఊట నీళ్లే తాగారు. ఎవరో తరిమేస్తే చెదిరిపోయారు. మాలో పిల్ల పుడితే చెవిలో మొదట చెప్పేది ఈ కొండ పేరే."

బొల్లన్న ఆమె వంక చూశాడు. తానెరిగిన కాలంలో ఈ కొండ మీద మంద కట్టి బతికింది మేకలే. అయినా ఆమె కళ్లలో అబద్ధం కనిపించలేదు. పక్కకు జరిగాడు.

"తాగండమ్మా. నీళ్లకేం కరువు?"

వెనక నుంచి ఒక పడుచు పోతు గొణిగాడు. "తాతా, ఏకు మేకై కూర్చుంటుంది, చూస్తూండు."

"మేకలం మనమే కదరా!" అన్నాడు బొల్లన్న. మంద పగలబడి నవ్వింది. ఆ మాట తలుచుకుని మళ్లీ ఎవరూ నవ్వలేదు.

ఎందుకంటే ఏటా ఇంకాసిన్ని దుప్పులు వచ్చాయి. ఎండిన దిగువ వాలును గిట్టలతో తవ్వి తవ్వి పచ్చిక మొలిపించాయి. తర్వాత దాని చుట్టూ ముళ్లకంప పెట్టాయి. అది మేకలు వానాకాలం మేసే వాలు.

"కంప ఎందుకమ్మా?" అని అడిగాడు బొల్లన్న.

"మీ పోతులు మా పిల్లల్ని కుమ్ముతున్నారన్నా."

"మేత పోయిందని కుమ్మారు."

"కుమ్మారని కంప వేశాం."

ఇద్దరి మాటా నిజమే. అందుకే తగవు తెగలేదు. ఒకరోజు ఊట దగ్గర చూలుదుప్పి ఒకటి పోతుల కొమ్ములకు చచ్చిపోయింది. మర్నాడు ఇద్దరు మేకపిల్లలు కంప పక్కన దుప్పుల గిట్టల కింద నలిగిపోయారు. తల్లులు రెండు వైపులా ఏడ్చారు. ఎత్తుబండ మీది నక్క ఇటు తిరిగి ఇటువాళ్లను ఓదార్చింది, అటు తిరిగి అటువాళ్లను ఓదార్చింది.

అంతలో ఉత్తరపు అడవి నుంచి కబురొచ్చింది. తోడేళ్లు అక్కడి దుప్పులన్నిటినీ ఒక్కచోటికి తోలి చంపేశాయి. మూడొంతుల్లో రెండొంతులు మిగల్లేదు. మిగిలినవాటిని ఏ అడవీ రానివ్వలేదు. ఎముకల గూళ్లలా అవి కొండ ఎక్కుతుంటే చూసి బొల్లన్న ఆ రోజు ఆకు ముట్టలేదు. వీళ్లకు తలదాచుకునే చోటు కావాలి, కాదనలేను, అనుకున్నాడు. కానీ తోడేళ్లు చేసిన పాపానికి నా పిల్లలెందుకు నేల వదలాలి?

మనసులో పెట్టుకోలేక పొడలమ్మనే అడిగాడు. "చెల్లెమ్మా, ఈ కొండ మాకిస్తానని నక్క మాటిచ్చింది. నీకు తెలుసా?"

పొడలమ్మ ఉలిక్కిపడింది. "ఎప్పుడు?"

"ఎలుగు పోకముందే."

"మాకూ అప్పుడే, మేం అడవులు పట్టుకు తిరుగుతుంటే వచ్చి మాటిచ్చిందన్నా. కొండ మీద మీకో ఇల్లు ఉంటుందని."

ఇద్దరూ తలెత్తి ఎత్తుబండ వైపు చూశారు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది" అన్నాడు బొల్లన్న. "రేపు పొద్దెక్కగానే రెండు మందలూ కలిసి పోదాం. ఇద్దరం దాని ముందు నిలబడి అడుగుదాం."

"సరే అన్నా. కలిసే పోదాం."

ఇంటికొచ్చి చెబితే మంద అంతెత్తున లేచింది. "దుప్పులతో కలిసి వెళ్లావంటే సగం కొండ వాళ్లదని ఒప్పుకున్నట్టే! మనకిచ్చిన మాటే ముందుది. నువ్వొక్కడివే ముందుగా వెళ్లి ఖాయం చేసుకునిరా" అన్నారు. బొల్లన్న కాదన్నాడు. కాదంటూనే తెల్లవారేసరికి కొండదారి పట్టాడు.

మలుపు దగ్గర ఎవరో ఎదురొచ్చారు. పొడలమ్మ. ఎత్తుబండ నుంచి దిగి వస్తోంది.

"నువ్వూనా?" అన్నాడు బొల్లన్న.

ఆమె తల దించుకుంది. "మావాళ్లు ఊరుకోలేదన్నా."

అప్పుడైనా బొల్లన్న, పద చెల్లెమ్మా, ఇద్దరం మళ్లీ వెళదాం అని ఉండాల్సింది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. కానీ నాకంటే ముందే వెళ్లిందే అన్న మంట దాన్ని మింగేసింది. ఆమెను దాటుకుని పైకి నడిచాడు.

నక్క నవ్వుతూ ఎదురుచూస్తోంది. "ఆమె అడిగిందే అడగడానికి వచ్చావు కదూ బావా?"

"ఏ మాట నిజం? చెప్పు."

"రెండూ నిజమే. అప్పుడు సింహానికి మీ ఇద్దరి సాయమూ కావాలి. ఇప్పుడు ఎవరిదీ అక్కర్లేదు."

"మరి కొండ ఎవరిది?"

"చూడు బావా, రాత్రంతా నాకు కంటి మీద కునుకు లేదు. మీరిద్దరూ కలిసి వస్తే ఏం చెప్పాలా అని. కలిసి రాలేదు. ఇక నాకు బెంగలేదు." నక్క లేచి ఒళ్లు విదుల్చుకుంది. "సింహం రమ్మంటోంది. ఇక మీరూ మీరూ చూసుకోండి."

మధ్యాహ్నానికల్లా అది ఏరు దాటిపోయింది. పొద్దు వాలకముందే ఊట దగ్గర నీళ్లు ఎర్రబడ్డాయి. పక్క లోయల మేకలు సాయం వస్తున్నామని కేకలు వేస్తూ వచ్చాయి, దెబ్బలు తిని వెళ్లిపోయాయి. దుప్పులకు వెనక్కి పోవడానికి చోటు లేదు. వాటి పోరాటంలో ఆ తెగింపు ఉంది. బొల్లన్న మందలో చాలామంది పడిపోయారు. మిగిలినవాళ్లు పిల్లల్ని ముందు తోలుకుంటూ లోయ దాటారు. "నాలుగు రోజులే. మళ్లీ వచ్చేద్దాం" అని ముసలివాళ్లకు చెప్పాడు బొల్లన్న. ముసలివాళ్లు లోయ అవతలే కన్నుమూశారు.

కొన్నేళ్ల తర్వాత ఒక రోజు పొడలమ్మ కొండ అంచుదాకా వచ్చి నిలబడింది. లోయకు ఇటు గట్టున బొల్లన్న.

"బాగున్నావా అన్నా?"

"ఉన్నాను. నువ్వు?"

"సగం మందిమి మేస్తుంటే సగం మందిమి మీ వైపు కాపలా కాస్తున్నాం. అదే బతుకైంది."

"మా పిల్లలకు కొమ్ములు మొలవగానే చేసే పని, మీ వైపు చూస్తూ వాటిని బండకు నూరుకోవడం."

"ఆ పొద్దున నేను ముందు వెళ్లకుండా ఉంటే?" అంది పొడలమ్మ.

"మలుపులో నేను నిన్ను పిలిచి ఉంటే?" అన్నాడు బొల్లన్న.

అంతలో ఆమె వెనక పడుచుదుప్పులు బారులు తీరాయి. ఇతని వెనక పోతులు నేల గీరాయి. ఇద్దరూ చెరోవైపు తిరిగి నడిచారు. మొహం చాటేసుకున్నది సిగ్గుతోనో భయంతోనో వాళ్లకే తెలియాలి.

ఒకే నేలను ఇద్దరికి దానమిచ్చినవాడి దగ్గరికి విడివిడిగా న్యాయానికి వెళితే, గెలిచినవాడికి నిద్ర ఉండదు, ఓడినవాడికి ఇల్లు ఉండదు.