ఇరవై రోజుల గింజలు

రాజు కొలువులో విచారణాధికారిగా చేరబోతున్న పేరన, సెలవు తీసుకునే ముందు గురువు విరూపాక్షయ్యను ఒక ప్రశ్న అడిగాడు: "అయ్యా, ఒకరినొకరు నమ్మని ఇద్దరు విడివిడిగా విచారించి ఒకే మాట చెబితే, దాన్నైనా నమ్మవచ్చా?"

విరూపాక్షయ్య అవుననలేదు, కాదనలేదు. ఈ సంగతి చెప్పాడు.

పాలకోన దొర, ఎర్రమిట్ట దొర కలిసి కందిమల్ల కోటను ముట్టడించారు. లోపల ఎన్నాళ్లకు సరిపడా ధాన్యం ఉందో తెలియాలి. నెలలోపు అయిపోయేదైతే కాచుకుని కూర్చోవచ్చు. అంతకు మించి ఉంటే వానలు రాకముందే వెనుదిరగాలి. అయితే అవతలివాడు కోటవారితో లోపాయికారీగా మాట్లాడుకుంటున్నాడేమోనని ఇద్దరికీ అనుమానం. అందుకని ఎవరి వేగువాణ్ణి వారే పంపాలనీ, తేలిన లెక్క మాత్రం చెప్పుకోవాలనీ, ఎవరి ద్వారా తెలిసిందో అడగకూడదనీ ఒప్పందం చేసుకున్నారు.

పాలకోన వేగువాడు కాచన వచ్చి, "ఇరవై రోజుల గింజలున్నాయి" అన్నాడు. ఎర్రమిట్ట వేగువాడు బసవయ్య కూడా ఇరవై రోజులే అన్నాడు. దొరలిద్దరూ మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వుకున్నారు.

ఇరవై రోజులు గడిచాయి. వానలు పట్టుకున్నాయి. డేరాల్లో జ్వరాలు మొదలై రోజుకు నలుగురైదుగురు పోతున్నారు. కోటలో మాత్రం పూటపూటా వంటపొగ లేస్తూనే ఉంది. నలభయ్యో రోజున రెండు దండులవాళ్లూ మీరు ద్రోహులంటే మీరు ద్రోహులని తిట్టుకుని కత్తుల దాకా వచ్చారు. జ్వరంతో పోయిన తమ్ముణ్ణి అప్పుడే పూడ్చి వచ్చిన బసవయ్య, తిన్నగా కాచన డేరాలోకి వెళ్లాడు.

"నీకెవరు చెప్పారు?"

"ముందు నువ్వు చెప్పు."

"కోటలోకి ఉప్పు మోసే తిప్పమ్మ."

"ఆమె నా మనిషి అనుకుని, ఉప్పు గంపతో సహా నేనే మా దండు కాపలా దాటిస్తున్నాను" అన్నాడు కాచన.

"నేనూ అంతే."

మర్నాడు దండులు వెనుదిరిగాయి. వచ్చినవారిలో మూడోవంతు ఇల్లు చేరలేదు.

"బసవయ్య ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉండవచ్చు కదా?" అన్నాడు పేరన.

"అడిగితే తనూ చెప్పవలసి వస్తుంది కదా, నాయనా" అన్నాడు విరూపాక్షయ్య.