నాంచారయ్య గుహకి ఎర్రమట్టి పూత

చిలకవాగు ఒడ్డున నక్క నాంచారయ్యకో గుహ ఉంది. వాన పడితే చాలు, వాగు నీళ్లు మోకాలెత్తున లోపలికొచ్చి కూర్చుంటాయి. ఏటా తడిసి తడిసి విసుగెత్తిన నాంచారయ్య, ఈసారి తొలకరికి ముందే దాన్ని ఎవరికైనా అంటగట్టెయ్యాలనుకున్నాడు.

బేరం కూడా తగిలింది. కుందేలు వెంకాయమ్మ బొరియ కూలిపోయి, నలుగురు పిల్లలతో పొదలో తలదాచుకుంటోంది. ఆమెకున్నదల్లా ఇసుకతిన్నె మీద ఎండనపడి పెంచుకున్న పుచ్చపాదు. కాయలన్నీ ఇచ్చేసైనా సరే, పిల్లల్ని పొడిచోట పెట్టుకోవాలని ఆమె ఆరాటం. నక్క కుందేలుని తినదా అని మాత్రం అడక్కండి. పుచ్చకాయంటే నాంచారయ్యకి అంత పిచ్చి.

చూపుకి బాగుంటే సగం బేరం అయినట్టేనని ఆయన లెక్క. పైసా ఖర్చు లేకుండా పని మొదలెట్టాడు. లోపలి ఎముకలన్నీ పక్కింటి ముంగిస పొదలోకి తోసేశాడు. ఎర్రమట్టి తెచ్చి, గోడల మీద నీటి చార కనబడకుండా తోకతో అలికాడు. గుమ్మానికి తంగేడుపూలు కట్టాడు. గిజిగాడు వదిలేసిన గూడొకటి తెచ్చి, దీపంబుడ్డిలా పైన వేలాడదీశాడు. ఇంకా ఏదో వెలితి అనిపించింది. ముసలి ఎద్దు భద్రయ్య దగ్గరికి పరిగెత్తాడు.

"పెద్దయ్యగారూ, రేపు మా గుమ్మంలో కాసేపు కూర్చోవాలి."

"ఎందుకురా?"

"మీలాంటి పెద్దమనిషి కనబడితే ఇంటికే పరువండీ. మోపెడు పచ్చగడ్డి పెడతా. మాట మాత్రం ఒక్కటి కూడా మాట్లాడకూడదు."

"మాట్లాడకూడదు. అంతేనా?"

"అంతే!"

మర్నాడు పొద్దున్నే వెంకాయమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. పిల్లలు లోపల పరిచిన మెత్తటి గరిక మీద పొర్లాడేశారు. ఆమె ముఖం విప్పారింది.

"ఇల్లు ముచ్చటగా ఉందన్నయ్యా. వానకి నీళ్లు రావు కదా?"

"నీళ్లా? ఈ గుహ నీళ్ల మొహమే ఎరగదు చెల్లెమ్మా!"

వెంకాయమ్మ అంతటితో ఊరుకోలేదు. గుమ్మంలో నెమరేస్తున్న భద్రయ్య వైపు తిరిగింది. "మీరు చెప్పండి పెద్దయ్యా. పిల్లల తల్లిని."

భద్రయ్య నాంచారయ్య వైపు చూశాడు.

"ఆయన మౌనవ్రతంలో ఉన్నారమ్మా," అన్నాడు నక్క గబగబా.

భద్రయ్య నింపాదిగా మెడ తిప్పి, పక్కనున్న గోడని ఓసారి నాకాడు. రుచి బాగున్నట్టుంది, ఇంకోసారి నాకాడు. ఆ గరుకు నాలుకకి నిన్నటి పూత ఏం ఆగుతుంది? పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. కింద తెల్లటి ఉప్పు, దాని పైన నల్లటి నీటి చార బయటపడ్డాయి. గోడలో ఇరుక్కున్న ఎండు నత్తగుల్లొకటి టప్పున వెంకాయమ్మ కాళ్ల దగ్గర పడింది.

"పెద్దయ్యగారూ, ఆపండీ!" నాంచారయ్య ఆయన తోక పట్టుకుని లాగాడు. ఎద్దు కదిలితేనా!

వెంకాయమ్మ గుల్ల చేతిలోకి తీసుకుంది. "ఈ నత్త నడిచొచ్చిందా అన్నయ్యా, ఈదుకుంటూ వచ్చిందా?"

అప్పుడు భద్రయ్య లేచి ఒళ్లు విరుచుకున్నాడు.

"నోరు విప్పొద్దన్నావు, విప్పలేదు. గోడని నాకొద్దని చెప్పలేదుగా! నీళ్లు నిలిచిన గోడకే ఇలా ఉప్పు ఊరుతుంది. ఆ రుచి ఎక్కడున్నా మా నాలుక పట్టేస్తుందిరా. ఏదీ నా గడ్డిమోపు?"

ఇవ్వక తప్పలేదు. భద్రయ్య ఆ మోపు కొమ్ములకెత్తుకుని, వెంకాయమ్మని తన కొట్టం పక్కనున్న దిబ్బలో ఓ పాత బొరియ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ పూలూ లేవు, పూతా లేదు. మట్టి మాత్రం పొడిపొడిగా ఉంది. గడ్డి పిల్లల కింద పరిచారు. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

నాలుగు రోజులకి వాన దంచికొట్టింది. తంగేడుపూలు కొట్టుకుపోయాయి. నాంచారయ్య నిలువెల్లా తడిసి, వణుకుతూ దిబ్బెక్కాడు. వెంకాయమ్మ పిల్లలతో పుచ్చకాయ తింటోంది. పాపం అనిపించి, ఆయనకీ ఓ ముక్క పెట్టింది.

"తిను అన్నయ్యా. చూడ్డానికే కాదు, లోపల కూడా బాగుంది."

ఇల్లు కొనేటప్పుడు, కొత్తగా పూసిన గోడనే ముందు గీకి చూడాలి.