మల్లెపొద ఏనుగు

కొండలకు ఇవతల, ఏటికి అవతల ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని కేసరివర్మ అనే రాజు పాలించేవాడు. మనసు వెన్న, మాట మాత్రం ఉరుము. తనకు తెలియని విద్య లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం. పాపం, ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకనాడు దూరదేశపు వర్తకుడొకడు వచ్చి, తమ రాజుగారి తోటలో పొదల్ని ఏనుగుల్లా, నెమళ్లలా కత్తిరిస్తారని చెప్పిపోయాడు. అంతే, మన రాజుగారికి పూనకం వచ్చింది. సభామండపం ఎదుట ఉన్న పెద్ద మల్లెపొదను ఏనుగును చేసేదాకా ఊరుకోలేదు. తోటమాలి పోలయ్య చేతిలోంచి కత్తెర లాక్కుని, రోజూ పొద్దున్నే తానే చెవులు దిద్దేవాడు, తొండం సవరించేవాడు. కొత్త చిగురు కాస్త తల ఎత్తితే చాలు, "ఏనుగుకు ఈ కొమ్ములేమిటి?" అంటూ కసుక్కున కోసేసేవాడు.

మల్లెకు పుష్యమాసంలో ఒకసారి కొమ్మలు కత్తిరించి, ఇక ముట్టుకోకుండా వదిలేయడం ఆ తోటలో తాతలనాటి ఆనవాయితీ. ఆ తర్వాత వేసే చిగుళ్ల చివరే మొగ్గ పుడుతుంది. పోలయ్య ఆ సంగతి చెప్పబోతే రాజు వింటేనా!

వైశాఖం వచ్చింది. ఊరంతా మల్లెలు గుబాళిస్తున్నాయి. ఏనుగైన పొద మాత్రం ఒక్క మొగ్గా వేయలేదు. ఏటా ఆ పొద పూలే తురుముకునే రాణి రత్నాంబ జడలో ఒక్క పువ్వు లేదు. ఆమె ముఖం చిన్నబోయింది. రాజుకు రాణి అంటే ప్రాణం. ఆయన బాధంతా కోపమై పోలయ్య మీద పడింది.

"ఎరువు అమ్ముకుని ఉంటావు! పౌర్ణమి సభలో తీర్పు చెబుతాను. ఆ వెంటనే పెళ్లాం బిడ్డలతో పొలిమేర దాటాలి!"

పోలయ్య ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు తిప్పన్న ఇంటికి పరుగెత్తాడు. తిప్పన్న అంతా విని, పౌర్ణమిదాకా సభ ముఖం చూడలేదు. తీరా వచ్చిననాడు, ఎప్పుడూ నున్నగా ఉండే అతని పెదవి మీద చీమలు బారు తీరినట్టు ఏదో నల్లగా కనిపించింది.

"ప్రభూ, ముందు నా ఫిర్యాదు వినండి. మీలాంటి మీసం పెంచాలని ముచ్చటపడ్డాను. క్షురకుడు కోటయ్య నూనె రాస్తే పెరుగుతుందన్నాడు. చూడండి, పెరిగిందా? వాణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టాలి."

మీసం మాట వినగానే రాజుకు హుషారొచ్చింది. తన మీసం మెలితిప్పుతూ, "నువ్వు రోజూ ఏం చేస్తున్నావు?" అని అడిగాడు.

"కోటయ్య నూనె రాసి వెళ్తాడు. తర్వాత నేనే అద్దం ముందు కూర్చుని కొనలు కత్తిరిస్తాను. తీరుగా ఉండాలి కదా ప్రభూ!"

"రోజూనా?"

"ఒక్కరోజు మానితే ఒట్టు."

రాజు సింహాసనం అదిరేలా నవ్వాడు. "ఓరి మొద్దూ! కొనలు నువ్వు కోసుకుంటూ, పెరగలేదని కోటయ్యను తిడతావా? వాడు నిర్దోషి. తప్పు కత్తెర ఆడించిన చేతులది. మీసం వచ్చేదాకా ఆ చేతులు కట్టేయండి!"

"చిత్తం ప్రభూ," అని తిప్పన్న కిటికీలోంచి మల్లెపొద ఏనుగును చూశాడు. మూల నిలబడిన పోలయ్యను చూశాడు. ఆ తర్వాత రాజుగారి చేతుల్ని చూశాడు.

రాజుగారి చేతులు మెల్లగా ఉత్తరీయం కిందికి జారుకున్నాయి.

"తిప్పన్నా..."

"తీర్పు తమదే ప్రభూ!"

రాజు ఒక్క క్షణం ఉరిమి చూశాడు. మరుక్షణం పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. సింహాసనం దిగి వచ్చి, "పోలయ్యా, తప్పు నాది. తోట నీది," అన్నాడు. మెడలోని హారం తీసి తిప్పన్న మెడలో వేశాడు. ఆపైన రెండు చేతులూ బుద్ధిగా ముందుకు చాచాడు.

"ఇక కట్టెయ్యి. పూలు పూసేదాకా."

తెర వెనక నుంచి రాణి గొంతు వినిపించింది. "గట్టిగా కట్టకు తిప్పన్నా. పూసిననాడు నా జడలో తురమాల్సింది ఆ చేతులే!"